కాంప్లెక్స్ మీటింగులో సైన్సు టీచర్లకు గంటన్నర: ఏ ప్రయోగాలు చేయిస్తే బడిలో పనికొస్తాయి?

నాగావళి_సీఆర్‌పీ (శ్రీకాకుళం జిల్లా):

అందరికీ నమస్కారం. నేను సీఆర్‌పీని (క్లస్టర్ రిసోర్స్ పర్సన్, చుట్టుపక్కల బడులకు వెళ్లి టీచర్లకు తోడ్పడే పని). వచ్చే స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే) మీటింగులో మధ్యాహ్నం గంటన్నర సైన్సు వాళ్లకు విడిగా దొరికింది. వచ్చేది 14 మంది. ఆరుగురు ఫిజికల్ సైన్స్, ఐదుగురు బయాలజీ, ముగ్గురు యూపీ (అప్పర్ ప్రైమరీ) స్కూళ్లలో సైన్సంతా ఒక్కరే చెప్పేవాళ్లు. వీళ్లలో కొందరు కొత్తగా డీఎస్సీలో వచ్చినవాళ్లు.

ఇలాంటి మీటింగుల్లో సాధారణంగా ఒక పీపీటీ, ఒక వీడియో, సంతకాలు, టీ. మర్నాడు బడికి వెళ్లాక చేతిలో ఏమీ ఉండదు. ఈసారి చేతుల్తో చేయించాలని ఉంది. ఖర్చుకు రూ.3,000 దాకా ఉంది. సామాన్లు శ్రీకాకుళం బజారులోనో, ఊళ్లోని కిరాణా, మెడికల్ షాపుల్లోనో దొరికేవి కావాలి. ల్యాబ్ అసిస్టెంటు ఏ బడిలోనూ లేరు. తరగతిలో 35 నుంచి 45 మంది పిల్లలు.

6 నుంచి 10 తరగతుల్లో ఏ ప్రయోగాలు ఎంచుకోవాలి? అవి ఎక్కడ చెడతాయి, ఎందుకు చెడతాయి? మీటింగు అయ్యాక ఆ టీచర్లకు ఎలా తోడుండాలి? వివరంగా రాస్తే అలాగే అమలు చేస్తాం.

———

సుద్దముక్క_విజయనగరం:

మాస్టారూ, గంటన్నరలో నాలుగైదు పెట్టుకోకండి. రెండు చాలు. 14 మందీ చెయ్యాలి, ఎవరూ చూస్తూ కూర్చోకూడదు.

ఇంకో మాట. బాగా వచ్చిన ప్రయోగాన్ని మాత్రమే చూపించి పంపేస్తే టీచరుకు ఉపయోగం సగమే. బడిలో అది రానప్పుడు, 40 మంది ముఖంలోకి చూస్తున్నప్పుడు, ఏది తప్పిందో తెలియాలి. అందుకే మీటింగులోనే కావాలని చెడగొట్టించండి. 10 నిమిషాలు ఏం జరుగుతుందో అంచనా రాయించడం, 35 నిమిషాలు చేయడం, 20 నిమిషాలు చెడగొట్టడం, మిగతా సమయం 40 మంది పిల్లలతో దీన్ని ఎలా నడపాలో మాట్లాడుకోవడం. నా దృష్టిలో ఆ 20 నిమిషాలే అసలు శిక్షణ.

మొదటిది ఆమ్లాలు, క్షారాలు, సూచికలు. చిన్న తరగతులకూ పనికొస్తుంది, 10లో మళ్లీ వస్తుంది. బయాలజీ వాళ్లు కూడా భయపడకుండా చేస్తారు.

ఒంటిరెక్క ఎర్ర మందారాలు 5 తీసుకుని రెక్కలు మాత్రమే తుంపి, 100 మిల్లీలీటర్ల వేడినీళ్లలో 10 నిమిషాలు ఉంచి గుడ్డతో వడకట్టండి. ముద్దమందారం, రంగురంగుల హైబ్రిడ్ రకాలు ఒక్కోటి ఒక్కోలా వస్తాయి, మొదటిసారికి వద్దు. నిమ్మరసంలో ఇది ముదురు గులాబీ అవుతుంది, బట్టల సోడా నీళ్లలో ఆకుపచ్చ అవుతుంది. శంఖుపూలు దొరికితే ఇంకా మంచిది. నీలం నుంచి ఆమ్లంలో గులాబీ ఊదాకు, క్షారంలో ఆకుపచ్చకు, గట్టి క్షారంలో పసుపుకు పోతుంది. రెండూ ఏ రోజువి ఆ రోజు చేసుకోవాలి. ఎండాకాలంలో మర్నాటికి పులుస్తాయి.

ఇక చెడిపోయే చోట్లు.

ఒకటి, నీళ్లు. మన తీరపు మండలాల్లో బోరు నీళ్లు చాలాచోట్ల కఠినజలం. అందులో ఉండే బైకార్బనేట్ల వల్ల మందారపు రసం మొదట్లోనే వడలిన నీలంలోకి దిగిపోతుంది. పిల్లవాడు 'సార్, ఏమీ కలపకముందే మారిపోయింది' అంటాడు. వాడన్నది నిజమే. వాననీళ్లతో గానీ క్యాన్ నీళ్లతో గానీ రసం తీయండి. బోరు నీళ్లను కూడా పరీక్షించాల్సిన ద్రవాల్లో ఒకటిగా పెట్టండి, మంచి చర్చ నడుస్తుంది.

రెండు, పసుపు కాగితం మీద వంట సోడా. వంట సోడా ద్రావణం పీహెచ్ 8.3 దగ్గర. పసుపు రంగు మారడం మొదలయ్యేది కూడా ఇంచుమించు అక్కడే. అందుకే ఎర్రగా మారదు, కొంచెం నారింజ ఛాయ వచ్చి ఆగుతుంది. సగం మంది 'మారలేదు' అని రాస్తారు, టీచరు 'మారింది, సరిగ్గా చూడు' అంటారు. అలా అనకండి. పక్కన బట్టల సోడా, సున్నపు తేట పెట్టి మూడింటినీ పోల్చమనండి. బలమైన క్షారం, బలహీన క్షారం అన్న తేడా అక్కడే తెలిసిపోతుంది.

మూడు, పసుపు ఆమ్లంలో మారదు. నిమ్మరసం వేసి 'రంగు రాలేదు, పాడైపోయింది' అని కాగితం పారేసే టీచర్లు కూడా ఉంటారు. ఎర్రబడిన కాగితం మీద నిమ్మరసం చుక్క వేస్తే తిరిగి పసుపు అవుతుంది. మొదట అది చూపించాలి.

కాగితాల తయారీ: రెండు చెంచాల పసుపు, జారుగా అయ్యేన్ని నీళ్లు, తెల్ల డ్రాయింగు కాగితం మీద పల్చగా పూసి నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది. ఒక షీటుకు 60, 70 ముక్కలు వస్తాయి. ద్రవాలకు టెస్టుట్యూబులు అక్కర్లేదు. తెల్ల ప్లాస్టిక్ ఐస్ ట్రే ఒకటి, మందుల డ్రాపర్లు ఐదు ఉంటే ఒక గుంపుకు సరిపోతుంది. స్టీలు పళ్లెంలో రంగు తేడా కనబడదు.

బాత్రూం కడిగే యాసిడ్ 'బాగా కనబడుతుంది' అని ఎవరో ఒకరు తెస్తారు. వద్దు. బ్లీచింగ్ పౌడరు ఉన్న గదిలోకి అసలు రానివ్వకండి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వస్తుంది.

దీనికి కొనసాగింపుగా సున్నపు తేట, కార్బన్ డయాక్సైడు తగిలితే పాలలా మారేది. కిళ్లీ కొట్టులో దొరికే తడి సున్నం ఒక చెంచా, లీటరు నీళ్లలో కలిపి మూత బిగించి రాత్రంతా వదిలేస్తే పైన తేరుకున్నదే మనకు కావలసింది. గుల్ల సున్నం రాళ్లు తెచ్చి పిల్లల ముందు తడపకండి. అది మరిగి చిమ్ముతుంది, కళ్లకు ప్రమాదం. మూత తెరిచి ఉంచిన తేట మీద మీగడలా పొర కడుతుంది. అది గాలిలోని కార్బన్ డయాక్సైడుతో ఏర్పడిన కాల్షియం కార్బొనేటే. అలాంటి సీసా పట్టుకెళ్తే క్లాసులో సరిగ్గా పాలలా మారకపోవచ్చు.

సున్నపు తేటలోకి స్ట్రాతో ఊదించడం పుస్తకాల్లో ఉంటుంది గానీ చిన్న పిల్లలు ఊదడానికి బదులు పీలుస్తారు. దానికి బదులు సీసాలో చెంచా వంట సోడా, 20 మిల్లీలీటర్ల నిమ్మరసం వేసి, మెడికల్ షాపులో కొన్న కొత్త సెలైన్ గొట్టంతో ఆ వాయువును సున్నపు తేటలోకి పంపండి. అర లీటరు సీసా అయితే నురగ గొట్టంలోకి ఎక్కదు. చిన్న సీసా అయితే ఎక్కుతుంది, నిమ్మరసం సున్నపు తేటలో పడుతుంది, ఆమ్లం కార్బొనేటును కరిగించేస్తుంది, తెల్లబడదు. ఎక్కువసేపు వాయువు పంపినా తెల్లదనం పోతుంది. అప్పుడు కాల్షియం బైకార్బనేటు ఏర్పడి కరిగిపోతుంది. ఈ రెండు 'వైఫల్యాలూ' ఒకేలా కనిపిస్తాయి, కారణాలు మాత్రం వేరు. టీచర్ల చేత రెండూ చేయించండి.

———

వైండింగ్_తీగ (గజపతినగరం):

రెండో ప్రయోగంగా విద్యుత్తు పెట్టండి. బయాలజీ వాళ్లు ఎక్కువ తడబడేది అక్కడే. 6, 7 తరగతుల్లో వాళ్లే ఆ పాఠం చెప్పాల్సి వస్తుంది.

ఇప్పుడు చాలా షాపుల్లో టార్చి బల్బులు దొరకడం లేదు, అన్నీ ఎల్‌ఈడీలే. పుస్తకంలో ఒక సెల్లు, ఒక బల్బు బొమ్మ ఉంటుంది. టీచరు ఒక 1.5 వోల్టుల సెల్లుకు ఎల్‌ఈడీ తగిలిస్తారు, వెలగదు. ఎర్ర ఎల్‌ఈడీకి దాదాపు 2 వోల్టులు, తెల్లదానికి దాదాపు 3 వోల్టులు కావాలి. రెండు సెల్లులు వరసగా పెడితే ఎర్రది బాగా వెలుగుతుంది, తెల్లది మిణుకుమంటుంది. దిశ కూడా ముఖ్యం. పొడవు కాలు ధన ధ్రువానికి. ఇక్కడ తిప్పి పెట్టడమే చెడగొట్టడం. 'సర్క్యూటు మూసి ఉంది, అయినా వెలగదేం?' అన్న ప్రశ్న బల్బుతో రాదు, ఎల్‌ఈడీతోనే వస్తుంది.

9 వోల్టుల బ్యాటరీకి ఎల్‌ఈడీని నేరుగా తగిలిస్తే కాలిపోతుంది. మధ్యలో 470 ఓమ్‌ల నిరోధం పెట్టాలి. 9 లోంచి 2 తీసేస్తే 7 వోల్టులు, 470తో భాగిస్తే దాదాపు 15 మిల్లీ ఆంపియర్లు. 10వ తరగతి పిల్లల చేత ఈ లెక్క ముందు వేయించి తర్వాత కొలిపించండి. గుండీ సెల్లులు మాత్రం చిన్న తరగతులకు వద్దు. మింగితే గొంతు లోపల కాలుతుంది, గంటల్లోనే ప్రాణం మీదకు వస్తుంది.

ఇక 10లో ఓమ్ నియమం. నిక్రోమ్ తీగ ప్రత్యేకంగా కొనక్కర్లేదు. ఎలక్ట్రికల్ షాపులో స్టవ్ హీటరు కాయిల్ అడగండి. 1000 వాట్లు, 230 వోల్టులది అయితే మొత్తం నిరోధం దాదాపు 53 ఓమ్‌లు, చల్లగా ఉన్నప్పుడు కొంచెం తక్కువ. దాన్ని మూడు సమాన ముక్కలు చేస్తే ఒక్కోటి 17 ఓమ్‌ల చుట్టుపక్కల. 4 సెల్లులకు 0.35 ఆంపియర్లు వస్తుంది, సెల్లులు తట్టుకుంటాయి. పదో వంతు ముక్క పెడితే ఆంపియరు దాటుతుంది, సెల్లు వోల్టేజి కూలిపోతుంది, గ్రాఫు వంగుతుంది. అప్పుడు 'ఓమ్ నియమం తప్పింది' అని నోటుబుక్కులో రాస్తారు. తప్పింది సెల్లు అంతర్నిరోధం దగ్గర.

సెల్లుల మీద రాసి ఉన్న 1.5ని లెక్కలో వేయకండి. తీగ రెండు కొసల మధ్య వోల్టేజిని సర్క్యూటు నడుస్తుండగా కొలవాలి. స్విచ్చి రెండు మూడు సెకన్లకు మించి నొక్కి ఉంచొద్దు. చదివాక వదిలేయాలి.

బడుల్లో ఉన్న అమ్మీటర్లు ఎక్కువగా 0-3 ఆంపియర్లవి. 0.1 ఆంపియరుకు ముల్లు కదిలిందో లేదో తెలియదు. కొన్ని ముళ్లు తుప్పుపట్టి ఇరుక్కుని ఉంటాయి. మీ బడ్జెట్లో డీటీ-830డి రకం డిజిటల్ మల్టీమీటర్లు నాలుగు తీసుకోండి, ఒక్కోటి రెండు మూడు వందల్లో వస్తుంది. కానీ టీచర్లకు ముందే చెప్పాల్సినవి రెండున్నాయి. ఎర్ర వైరు 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండగా వోల్టేజి కొలిస్తే అది షార్టు సర్క్యూటే. మిల్లీ ఆంపియర్ల రంధ్రంలో అనుకోకుండా ఎక్కువ కరెంటు పోతే లోపల ఫ్యూజు పోతుంది, ఆ తర్వాత మిల్లీ ఆంపియర్ల కొలతలో మీటరు ఎప్పుడూ సున్నా చూపిస్తుంది. చాలా బడుల్లో 'పాడైపోయిన' మీటర్లకు పోయింది ఆ చిన్న గాజు ఫ్యూజు ఒక్కటే. వెనక స్క్రూలు విప్పి మార్చడం మీటింగులోనే నేర్పండి. బీరువాలో మూలబడ్డ మీటర్లు లేచి కూర్చుంటాయి.

విద్యుదయస్కాంతానికి మోటారు వైండింగ్ షాపులో తుక్కు రాగి తీగ అడిగితే పావు కిలో ఇట్టే దొరుకుతుంది. 28 గేజిది, ఆరంగుళాల ఇనుప మేకు, 100 చుట్లు. పదికి తొమ్మిది సార్లు పని చేయకపోవడానికి కారణం ఒకటే. తీగ మీద ఎనామెల్ పూత ఉంటుంది, మెరుస్తుంది కాబట్టి వట్టి రాగి అనుకుంటారు. రెండు కొసలు అంగుళం మేర గరుకు కాగితంతో రంగు మారేదాకా గీకాలి. ఇంత చిన్న చుట్టకు నిరోధం అర ఓమ్ కూడా ఉండదు. ఐదు సెకన్లకు మించి కలిపి ఉంచితే సెల్లు వేడెక్కి చచ్చిపోతుంది. కాంక్రీటు మేకు గట్టి ఉక్కు. కరెంటు తీశాక కూడా గుండుసూదుల్ని వదలదు. మామూలు మేకూ అదీ పక్కపక్కన పెట్టండి, ఉక్కు, మెత్తని ఇనుము తేడా కళ్లకు కడుతుంది.

ఒక హెచ్చరిక: దువ్వెన, కాగితం ముక్కల స్థిర విద్యుత్తు ప్రయోగం జూన్ నుంచి అక్టోబరు దాకా మన తీరంలో పెట్టుకోవద్దు. గాలి తేమకు ఆవేశం నిలవదు. ఆ పాఠం ఏ నెలలో వచ్చినా, ప్రయోగాన్ని డిసెంబరు, జనవరి పొద్దుటి పూటకు వాయిదా వేయండి.

———

నాగావళి_సీఆర్‌పీ:

చాలా ఉపయోగం మాస్టార్లూ. ఫ్యూజు సంగతి ఒక్కటి చాలు, మీటింగు దండగ కాదు. రెండు అడుగుతాను.

నీటి విద్యుద్విశ్లేషణ (కరెంటుతో నీటిని రెండు పాళ్లు హైడ్రోజన్, ఒక పాలు ఆక్సిజన్‌గా విడగొట్టడం) 10లో మొదటి పాఠంలోనే ఉంది. ప్రతిచోటా 'వాయువు రాదు, వచ్చినా 2:1 రాదు' అంటున్నారు. ఎందుకు?

ఇంకోటి, ఖర్చు లేకుండా నెలల తరబడి సాగేది, 6 నుంచి 10 దాకా అందరూ చేసేది ఏదైనా ఉందా? అరసవల్లికి దగ్గరి బడులు ఉన్నాయి, సూర్యుడి గురించి అయితే పిల్లలకు ఆసక్తి.

———

వైండింగ్_తీగ (గజపతినగరం):

విద్యుద్విశ్లేషణ గురించి. లెక్క ఇది: ఒక ఆంపియరు ఒక నిమిషం పోతే హైడ్రోజన్ ఏడున్నర మిల్లీలీటర్లు వస్తుంది. 9 వోల్టుల బ్యాటరీతో, పెన్సిలు ముల్లులే ఎలక్ట్రోడులుగా పెడితే మీకు పోయేది 50 నుంచి 100 మిల్లీ ఆంపియర్లు. అంటే నిమిషానికి 0.4 మిల్లీలీటర్ల నుంచి మహా అయితే ముప్పావు. 10 మిల్లీలీటర్ల టెస్టుట్యూబు నిండడానికి 13 నుంచి 27 నిమిషాలు. చివరి పావుగంటలో మొదలుపెడితే ఎప్పటికీ రాదు. పీరియడ్ మొదలవగానే స్విచ్చి వేసి, పాఠం చెబుతూ ఉండాలి. పాత వైఫై రౌటరుకు వచ్చిన 12 వోల్టుల అడాప్టరు ఉంటే బ్యాటరీ ఖర్చూ తప్పుతుంది.

నీళ్లలో ఉప్పు వేయకండి. చాలామంది చేసే తప్పు ఇదే. ఆనోడు (ధన ధ్రువానికి కలిపిన ఎలక్ట్రోడు) దగ్గర ఆక్సిజనుకు బదులు క్లోరిన్ వస్తుంది, వాసనతోనే తెలుస్తుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లం కొన్ని చుక్కలు వేయమని పుస్తకం చెబుతుంది. ఆమ్లం లేని బడిలో బట్టల సోడా రెండు చెంచాలు అర లీటరు నీళ్లకు సరిపోతుంది.

2:1 రాకపోవడానికి కారణం ఆక్సిజన్ వైపు ఉంది. అది హైడ్రోజన్ కంటే ఎక్కువగా నీళ్లలో కరుగుతుంది. పైగా కర్బన ఎలక్ట్రోడును కొంచెం తినేస్తుంది, నీళ్లు నల్లబడటం అందుకే. కాబట్టి హైడ్రోజన్ రెండింతల కంటే ఎక్కువ కనిపిస్తుంది. ఐదు నిమిషాలు ట్యూబులు పెట్టకుండా నడిపి, నీళ్లలో ఆక్సిజన్ కొంత నిండాక ట్యూబులు నీళ్లతో నింపి బోర్లించండి, నిష్పత్తి మెరుగవుతుంది. వచ్చిన కొలతను అలాగే రాయించండి. 2 అని దిద్దించొద్దు.

ఎలక్ట్రోడులు దూర్చిన మగ్గు అడుగున రంధ్రం కారుతుంటే రబ్బరు బిరడా కోసం వెతక్కండి, సైకిలు ట్యూబు ముక్క చాలు.

———

నీడగెడ (శ్రీకాకుళం):

మీ రెండో ప్రశ్నకు నా జవాబు మీటరు కర్ర. ఖర్చు లేదు, ఏడాదంతా సాగుతుంది. 6వ తరగతి వాళ్లు నీడ కొలుస్తారు, 10వ తరగతి వాళ్లు త్రికోణమితి వేస్తారు.

శ్రీకాకుళం అక్షాంశం 18.3 డిగ్రీలు ఉత్తరం. నేల నుంచి సరిగ్గా 100 సెంటీమీటర్లు పైకి ఉండే నిటారు కర్రకు మధ్యాహ్నపు నీడ జూన్ 21న దాదాపు 9 సెంటీమీటర్లు, అదీ దక్షిణం వైపు. సెప్టెంబరు 23న ఉత్తరం వైపు 33. డిసెంబరు 22న 89. నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుందనుకునే పిల్లలకు, టీచర్లకు కూడా, జూన్ నీడ పెద్ద ఆశ్చర్యం. మనం కర్కట రేఖకు దక్షిణంగా ఉన్నాం గనక సూర్యుడు కొన్ని వారాలు మన నెత్తి దాటి ఉత్తరానికి పోతాడు. దాటే రెండు రోజుల్లో మధ్యాహ్నం నీడే ఉండదు. శ్రీకాకుళంలో అవి మే 13, జూలై 30 చుట్టుపక్కల, విజయనగరంలో ఒక రోజు అటూ ఇటూ. మేలో సెలవులు. జూలైలో మబ్బులు. అందుకే జూలై 26 నుంచి ఆగస్టు 3 దాకా రోజూ ప్రయత్నించాలి, ఏదో ఒక రోజు మబ్బు విడుస్తుంది.

ఇక్కడ తప్పేది గడియారం. 12 గంటలకు కొలవమని చెబుతారు. మన ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల రేఖాంశానిది, శ్రీకాకుళం దాదాపు 83.9 దగ్గర. అందుకే సూర్యుడు ఆరు నిమిషాలు ముందు నడినెత్తికి వస్తాడు. దానిపైన ఏడాదిలో మారే తేడా ఇంకోటి ఉంది. జూలై చివర్లో నిజమైన మధ్యాహ్నం 12:01కి, సెప్టెంబరు 23న మాత్రం 11:47కి. పిల్లలకు ఈ సంఖ్యలు ముందే ఇవ్వకండి. 11:30 నుంచి 12:20 దాకా 5 నిమిషాలకోసారి నీడ కొసను సుద్దతో గుర్తు పెట్టమనండి. అతి పొట్టి నీడ ఎప్పుడు వచ్చిందో వాళ్లే చెబుతారు, ఉత్తరం దిక్కు కూడా అదే గీత మీద దొరుకుతుంది. దిక్సూచి అవసరం లేదు.

కర్ర నిటారుగా ఉండటం ముఖ్యం. ఒక్క డిగ్రీ వంగినా నీడలో 1.7 సెంటీమీటర్ల తేడా. డిసెంబరులో అది పెద్ద లెక్క కాదు గానీ జూన్ 9 సెంటీమీటర్లలో ఐదో వంతు. దారానికి రాయి కట్టి రెండు వైపుల నుంచీ చూడాలి. నీడ కొస మసకగా ఉంటుంది, ఎందుకంటే సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బింబం. మసక మధ్యలో గుర్తు పెట్టమనండి.

అరసవల్లి సంగతి ఇక్కడే వస్తుంది. ఏటా మార్చి 9, 10 ప్రాంతంలోనూ, అక్టోబరు మొదటి రోజుల్లోనూ ఉదయపు కిరణాలు మూలవిరాట్టును తాకుతాయి. రెండుసార్లే ఎందుకు? డిసెంబరు 22 నుంచి వెనక్కి అక్టోబరు 2కి 81 రోజులు, ముందుకు మార్చి 10కి 78 రోజులు. దాదాపు సమ దూరం. సూర్యుడు దక్షిణానికి పోతూ ఒకసారి, తిరిగి వస్తూ ఒకసారి అదే చోట ఉదయిస్తాడు. పిల్లలు బడి కిటికీలోంచి పడే ఉదయపు వెలుగు గోడ మీద ఎక్కడ పడిందో అక్టోబరు 2న తేదీతో గీత గీసి ఉంచితే, మార్చి రెండో వారంలో వెలుగు మళ్లీ ఆ గీత మీదకే వస్తుంది. ఐదు నెలలు ఓపిక పట్టే పని. పట్టినవాళ్లు ఆ పాఠం మరిచిపోరు.

———

ఉద్దానం_బయాలజీ:

నీటి గురించి ఒక మాట, ఎందుకంటే కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం వైపు కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు బడుల్లో పిల్లలు తప్పకుండా అడుగుతారు. సుద్దముక్క గారు చెప్పిన బోరు నీళ్ల పరీక్ష మంచిదే. సబ్బు నురగతో కఠినత్వం కూడా చూడొచ్చు. ఒకే కొలత సీసాల్లో 50 మిల్లీలీటర్ల చొప్పున వాననీళ్లు, క్యాన్ నీళ్లు, బోరు నీళ్లు. ఒక్కో చుక్క సబ్బు ద్రావణం వేస్తూ ఊపుతూ, నిమిషం నిలిచే నురగకు ఎన్ని చుక్కలు పట్టాయో లెక్కించాలి. బట్టల పొడి వాడొద్దు, అది కఠినజలంలోనూ నురగ ఇస్తుంది. స్నానపు సబ్బు తురిమి కలపాలి.

ఈ పరీక్షతో గానీ టీడీఎస్ మీటరుతో గానీ 'ఈ నీళ్ల వల్లే కిడ్నీ జబ్బు' అని క్లాసులో తేల్చొద్దు. ఉద్దానం జబ్బుకు కారణం ఇదీ అని శాస్త్రవేత్తలే ఇంకా ఒక మాట మీదకు రాలేదు. టీడీఎస్ మీటరు కొలిచేది నీటి విద్యుద్వాహకతను. సిలికా లాంటివి అందులో దాదాపుగా కనబడవు, ఫ్లోరైడునూ పురుగుమందునూ విడదీసి అది చెప్పలేదు. ఆ గదిలో కూర్చున్న పిల్లల్లో ఎవరి ఇంట్లోనో డయాలసిస్ నడుస్తూ ఉంటుంది. ఏ పరికరం ఏది చెప్పగలదు, ఏది చెప్పలేదు అన్నది నేర్పడానికి ఇంతకంటే అవసరమైన చోటు లేదు. మాట మాత్రం జాగ్రత్తగా రావాలి.

బయాలజీ వాళ్లకు ఇంకొక్కటి: ఆకులో పిండిపదార్థ పరీక్షకు అయోడిన్ లేదంటారు. మెడికల్ షాపు బెటాడిన్ లోషను ఒక వంతు, నీళ్లు పది వంతులు. ముందు గంజి చుక్క మీద వేసి చూసుకోండి. ఆకును స్పిరిట్‌లో ఉడికించేటప్పుడు మంట ఆర్పేసిన తర్వాతే వేడినీళ్ల గిన్నెలో స్పిరిట్ ఉన్న ట్యూబు దించాలి. స్పిరిట్ ఆవిరి పాకి వచ్చి మంట అందుకుంటుంది. మందంగా, మైనంగా ఉండే ఆకులు రంగు వదలవు. పలుచని మందారపు ఆకు, మధ్యాహ్నం కోసినది మేలు. పొద్దున్నే కోసిన ఆకులో పిండి చాలా తక్కువగా ఉంటుంది.

———

సుద్దముక్క_విజయనగరం:

తర్వాత తోడుండటం గురించి ఎవరూ రాయలేదు గనక నేనే రాస్తాను.

మీటింగు నుంచి ప్రతి టీచరూ ఒక డబ్బాతో వెళ్లాలి. చెప్పుల డబ్బా చాలు. లోపల ఐస్ ట్రే, ఐదు డ్రాపర్లు, పసుపు కాగితాలు, ఎల్‌ఈడీలు, నిరోధాలు, గీకిన రాగి తీగ, సెలైన్ గొట్టం. మూత లోపల సామాన్ల పట్టీ అంటించి, అయిపోయినదాని పక్కన టిక్కు పెట్టమనండి. డబ్బా సగం ఖాళీ అయ్యాక ఎవరూ దాన్ని తెరవరు. కాబట్టి ప్రతి మీటింగుకూ డబ్బాలు తెప్పించి నింపి పంపడం మీ పని.

జతలు కట్టండి. ఒక ఫిజికల్ సైన్స్, ఒక బయాలజీ, పక్కపక్క ఊళ్లవాళ్లయితే మంచిది. కొత్తగా వచ్చినవారిని అనుభవం ఉన్నవారితో కలపండి. ఎవరు ఎవరికి నేర్పుతున్నారన్నది మాత్రం పైకి అనకండి.

వాట్సాప్ గ్రూపులో 'ప్రయోగం బాగా జరిగింది' ఫొటోలు వద్దు. వారానికి ఒక వైఫల్యం పెట్టమనండి: ఏం చేశారు, ఏం రావాలి, ఏం వచ్చింది, వాడిన నీళ్లు ఏవి, సెల్లు వోల్టేజి ఎంత. ఈ ఐదూ ఉంటే దూరం నుంచి కూడా కారణం చెప్పొచ్చు. పెద్దవారు ముందు తమ వైఫల్యం పెడితే మిగతావారు పెడతారు. లేకపోతే ఎవరూ పెట్టరు.

హెడ్మాస్టర్లను అడగాల్సింది డబ్బు కాదు. వారానికి ఒకసారి రెండు పీరియడ్లు కలిపి ఇవ్వమని అడగండి. 45 నిమిషాల్లో సామాన్లు పరచి, 8 గుంపులు చేసి, కడిగి సర్దడం అయ్యే పని కాదు.

మీరు బడికి వెళ్లినప్పుడు చివరి బెంచీలో కూర్చుని రాసుకోకండి. ఒక గుంపు పక్కన నిలబడి డ్రాపరు అందించండి. పిల్లలు టీచరును చూస్తారు, మిమ్మల్ని కాదు. ఆ రోజు ఎక్కడ ఆగిందో టీచరే చెబుతారు.

భాష సంగతి. పుస్తకంలో తెలుగు ఒక పేజీలో, ఇంగ్లీషు పక్క పేజీలో ఉన్నా పిల్లలు తికమకపడేది తెలుగు మాటల దగ్గరే. ఇంట్లో బలం, శక్తి, సామర్థ్యం మూడూ ఒకటే. పుస్తకంలో మూడూ వేర్వేరు. బోర్డు మీద ఆ మూడూ పక్కపక్కన రాసి ప్రమాణాలు న్యూటన్, జౌల్, వాట్ అని పెట్టి ఏడాదంతా చెరపకుండా ఉంచండి. ఇచ్ఛాపురం వైపు ఒడియా ఇంటిభాష, మందస, మెళియాపుట్టి కొండ ఊళ్లలో సవర ఇంటిభాష. అక్కడ ముందు ప్రయోగం చేయించి, వాళ్ల మాటల్లో చెప్పనిచ్చి, పేరు తర్వాత ఇవ్వాలి.

———

నాగావళి_సీఆర్‌పీ:

సూచికలు, ఎల్‌ఈడీ-మల్టీమీటరు, ఈ రెండూ ఖాయం. నీడకర్ర ప్రతి బడికీ ఇంటిపని. 9 వోల్టుల బ్యాటరీలు, ఫ్యూజులు రేపు తెస్తున్నాం. ఆఖరుగా ఒకటి: గరివిడి వైపు నుంచి ఒకరు మాంగనీసు రాయి తెస్తామన్నారు. హైడ్రోజన్ పెరాక్సైడుతో ఆక్సిజన్ తీయడానికి పనికొస్తుందా?

———

వైండింగ్_తీగ (గజపతినగరం):

వస్తుంది, నల్లగా చేతికి అంటే రకం అయితే. గట్టిగా గోధుమరంగులో ఉన్న ముక్కలు నెమ్మదిగా పనిచేస్తాయి. మెడికల్ షాపులో దొరికే 20 వాల్యూమ్ పెరాక్సైడు అంటే 6 శాతం. ఒక మిల్లీలీటరు 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఇస్తుంది. టెస్టుట్యూబులో 5 మిల్లీలీటర్లకు బఠాణీ గింజంత రాయి చాలు. పొడి చేయకండి, ఆ దుమ్ము పీల్చకూడదు, పైగా నురగ ఒక్కసారిగా పొంగుతుంది. ఎర్రగా రగులుతున్న అగరొత్తిని ద్రవానికి తగలకుండా దించితే భగ్గుమంటుంది. ట్యూబు మూతికి బిరడా బిగించొద్దు. పక్కన ఇంకో ట్యూబులో పచ్చి బంగాళాదుంప ముక్క వేసి చూపించండి, అదీ బుడగలిస్తుంది. బయాలజీ వాళ్లకు ఎంజైముల పాఠం అక్కడి నుంచి మొదలుపెట్టుకోవచ్చు. సీసా తెరిచి నెలలైతే పెరాక్సైడు బలం తగ్గిపోతుంది, మీటింగుకు ముందు రోజు కొత్తది కొనండి. రాయిని కడిగి ఆరబెట్టి తిరిగి డబ్బాలో వేయొచ్చు, అది అరగదు.